లెక్కల చట్టాలు ఐదో తరగతి దాటాలి

2019లో నాలుగో తరగతి లెక్కల్లో అమెరికా రాష్ట్రాలన్నిటికంటే అట్టడుగున ఉన్నది అలబామా. ఐదేళ్లు తిరిగేసరికి, కొవిడ్‌కు ముందున్న స్థాయిని అదే తరగతిలో, అదే సబ్జెక్టులో దాటిన ఒకే ఒక్క రాష్ట్రంగా నిలిచిందీ అలబామానే. దేశమంతా ఒకే కొలతతో రెండేళ్లకోసారి జరిపే నేప్ పరీక్షలో ఆ రాష్ట్ర సగటు 2019లో 230. 2022లోనూ 230. 2024లో 236. ఇదే కాలంలో దేశంలోని ప్రభుత్వ బడుల సగటు 240 నుంచి 235కి పడి, తర్వాత 237కి చేరింది. అంటే దేశం ఇంకా పోగొట్టుకున్నది రాబట్టుకునే పనిలో ఉండగానే, ఎప్పుడూ చివరి వరుసలో కూర్చునే పేద రాష్ట్రం సగటుకు ఒక్క పాయింటు దూరంలోకి వచ్చేసింది.

దాంతో మిగతా రాష్ట్రాల శాసనసభ్యుల చూపు 2022 నాటి అలబామా న్యూమరసీ యాక్ట్ అనే లెక్కల చట్టం మీద పడింది. సెనేటర్ ఆర్థర్ ఓర్ తెచ్చిన ఆ బిల్లుపై గవర్నర్ కే ఐవీ ఆ ఏడాది ఏప్రిల్‌లో సంతకం చేశారు. 2023లో వెస్ట్ వర్జీనియా, అర్కాన్సా, ఫ్లోరిడా, లూసియానా, 2024లో కెంటకీ, 2025లో ఇండియానా, అయోవా తమతమ పద్ధతుల్లో లెక్కల కోసం చట్టాలు చేశాయి. పాతికేళ్లుగా అమెరికాలో విద్యా చట్టం అంటే ఎక్కువగా చదవడం, రాయడం గురించే. లెక్కలు ఇప్పుడు వంతుకొచ్చాయి. ఇది ఆలస్యంగా జరిగిన మంచి పని.

అయితే ఈ చట్టాల్లో చాలావాటి చూపు చిన్న తరగతుల దగ్గరే ఆగిపోతోంది. పిల్లలు నిజంగా చేతులెత్తేసేది ఆ తర్వాత.

అమెరికాలో బడి చదువు రాష్ట్రాల బాధ్యత. వాళ్ల రాజ్యాంగంలో విద్య ప్రస్తావనే లేదు. రాష్ట్రం కింద మళ్లీ 13 వేలకు పైగా స్థానిక స్కూల్ డిస్ట్రిక్టులు. ఏ పుస్తకం కొనాలి, ఏ టీచరును తీసుకోవాలి, లెక్కలకు రోజుకు ఎన్ని నిమిషాలు ఇవ్వాలి అన్నవి ఎక్కువగా అక్కడే తేలతాయి. వాషింగ్టన్ నుంచి ఒకసారి గట్టిగా ప్రయత్నించారు. 2002లో అమల్లోకి వచ్చిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా పరీక్ష పెట్టమంది, 2014 కల్లా నూటికి నూరు మంది పిల్లలు తగిన స్థాయికి చేరాలంది. పరీక్షలు జరిగాయి. గడువు వచ్చి వెళ్లిపోయింది. నూరు శాతం ఎక్కడా రాలేదు. లక్ష్యాన్ని చట్టంలో రాసినంత సులువుగా, టీచరు సోమవారం పొద్దున తరగతిలోకి వెళ్లి ఏం చేయాలన్నది రాయలేం. 2015లో ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చి, పగ్గాలు చాలావరకు రాష్ట్రాలకు వదిలేశారు.

కాబట్టి రాష్ట్ర శాసనసభ చేతిలో ఉన్న మీటలు కొన్నే. ఎవరు వెనకబడ్డారో ముందుగానే కనిపెట్టే స్క్రీనింగ్ పరీక్ష, లెక్కలకు ఇంత సమయమని నిర్ణయించడం, టీచర్లకు శిక్షణ, లెక్కల బోధనలో టీచర్లకు తోడ్పడే మ్యాథ్ కోచ్ బడికొకరు, వీటన్నిటికీ డబ్బు. అలబామా చట్టం వీటిలో దాదాపు అన్నిటినీ పట్టుకుంది. ఐదో తరగతి వరకు ఉన్న ప్రతి ప్రభుత్వ బడికీ ఒక కోచ్, 800 మంది పిల్లలు దాటితే ఇద్దరు. రాష్ట్ర విద్యాశాఖలో లెక్కల కోసమే ప్రత్యేక కార్యాలయం. చిన్న తరగతులకు సంఖ్యాజ్ఞానం పరీక్ష, నాలుగు, ఐదు తరగతులకు భిన్నాల పరీక్ష. వెనకబడిన పిల్లలకు వేసవి తరగతులు. చాలా రాష్ట్రాలు ఉమ్మడిగా పెట్టుకున్న కామన్ కోర్ పాఠ్య ప్రమాణాలు రాష్ట్రంలో చెల్లవన్న నిబంధన కూడా అందులోనే ఉంది. అది రాజకీయ అవసరం కోసం చేర్చిన వాక్యం, దానివల్ల ఏ పిల్లకీ కూడిక రాదు. మిగతాది మాత్రం తరగతి గదిని ఎరిగినవాళ్లు రాసినట్టే ఉంది.

ఈ విజయాన్ని మొత్తం చట్టం ఖాతాలో వేయడానికి నేను సిద్ధంగా లేను. 2022 నేప్ పరీక్ష ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో జరిగింది, చట్టం ఏప్రిల్‌లో వచ్చింది. దేశం ఐదు పాయింట్లు జారినప్పుడు అలబామా 230 దగ్గర నిలబడటానికి ఇంకా పుట్టని చట్టం కారణం కాజాలదు. 2019లోనే ఆ రాష్ట్రం లెక్కల పాఠ్యప్రణాళికను కొత్తగా రాసుకుంది. టీచర్లకు లెక్కలు, సైన్సు బోధనలో శిక్షణనిచ్చే ఆమ్‌స్టీ అనే కార్యక్రమం అప్పటికే ఏళ్లుగా నడుస్తోంది. 2024 పరీక్ష నాటికి కోచ్‌లందరూ ఇంకా రాలేదు, నియామకాలు విడతలుగా సాగుతున్నాయి. ఎన్నో ఏళ్ల పనికి చట్టం ఊతమిచ్చి, దాన్ని ప్రతి బడికీ తీసుకెళ్లే బాధ్యత రాష్ట్రం మీద పెట్టిందని చెప్పడం న్యాయం. చట్టాన్ని కాపీ చేసుకుని, దాని వెనకున్న ఏళ్ల తరబడి పనిని వదిలేసే రాష్ట్రాలకు అలబామా అంకెలు రావు.

ఇక ఈ చట్టాలకు మూస ఎక్కడిదో చూడాలి. 2013లో మిసిసిపీ చదవడం మీద ఒక చట్టం చేసింది. మూడో తరగతి చివరికి చదవడం రాని పిల్లల్ని అదే తరగతిలో ఉంచాలన్నది అందులో అందరికీ గుర్తున్న నిబంధన. టీచర్లకు అక్షరాలు, ధ్వనుల బోధనలో లోతైన శిక్షణ, బలహీనమైన బడులకు కోచ్‌లు అన్నవి అంతగా గుర్తుపెట్టుకోని నిబంధనలు. 2013లో నాలుగో తరగతి పఠనంలో 49వ స్థానంలో ఉన్న మిసిసిపీ 2024లో 9వ స్థానానికి ఎగబాకింది. అలాంటి ఫలితం చూశాక, అదే చట్టంలో ‘పఠనం’ అన్నచోట ‘గణితం’ అని రాసుకుంటే సరిపోతుందని ఏ రాజకీయ నాయకుడికైనా అనిపిస్తుంది. వెస్ట్ వర్జీనియా చట్టం పేరే థర్డ్ గ్రేడ్ సక్సెస్ యాక్ట్. పఠనానికీ లెక్కలకూ కలిపి మూడో తరగతినే అందరూ గుర్తుపెట్టుకునే గురిగా నిలబెట్టింది. చిన్న తరగతుల్లో టీచరుకు తోడుగా సహాయకుల్ని పెట్టడం అందులో మెచ్చుకోదగ్గ భాగమే. గురి మాత్రం పఠనం నుంచి అరువు తెచ్చుకున్నది.

పఠనానికి మూడో తరగతి గడువు ఎందుకు సరిపోతుందంటే, అక్షరాలను ధ్వనులుగా మార్చడం ఒకసారి పట్టుబడితే మళ్లీ పోదు. ఆపైన పదసంపద, లోకజ్ఞానం పెంచుకుంటూ పోవడమే. లెక్కలకు అలాంటి ముగింపు గీత ఏ తరగతిలోనూ లేదు. ఒకట్లు, పదులు, వందలు ఒక మెట్టు. ఎక్కాలు, భాగహారం ఇంకో మెట్టు. భిన్నాలు, నిష్పత్తులు, రుణసంఖ్యలు, బీజగణితం. ప్రతి మెట్టు దగ్గరా అంతకుముందు నమ్మినదాన్ని కొంత సవరించుకోవాలి. మూడో తరగతిలో మెరిసిన పిల్ల ఐదో తరగతిలో బోల్తా పడటం లెక్కల్లో మామూలు విషయం. ఆమె మూడో తరగతి స్క్రీనింగ్‌లో ‘పరవాలేదు’ జాబితాలోనే ఉంటుంది.

భిన్నాల దగ్గర ఏం జరుగుతుందో చూపే పాత ఉదాహరణ ఒకటుంది. 1978 నేప్ పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఒక ప్రశ్న వేశారు: 12/13, 7/8 కలిపితే సుమారుగా ఎంత? కచ్చితంగా లెక్క కట్టే పని లేదు. 1, 2, 19, 21 అని ఇచ్చిన వాటిలోంచి దగ్గరి జవాబు ఎంచుకుంటే చాలు. రెండు భిన్నాలూ ఒకటికి కాస్త తక్కువ, కాబట్టి మొత్తం రెండుకు దగ్గర. 24 శాతం మంది మాత్రమే 2 అన్నారు. సగం కంటే ఎక్కువ మంది 19 అనో, 21 అనో చెప్పారు. లవాలు రెండూ కూడితే 19, హారాలు రెండూ కూడితే 21. 2014లో పరిశోధకులు అదే ప్రశ్నను మళ్లీ ఎనిమిదో తరగతి పిల్లలకు వేశారు. సరైన జవాబు చెప్పినవాళ్లు 27 శాతం. నడుమ 36 ఏళ్లు. ఎన్నో పాఠ్యప్రణాళికలు మారాయి, ఎన్నో సంస్కరణలు వచ్చాయి, బడికి కంప్యూటర్లు వచ్చాయి. ఆ ఒక్క ప్రశ్న ముందు పిల్లలు అక్కడే నిలబడి ఉన్నారు.

ఆ పిల్లలకు కూడిక రాక కాదు ఈ పొరపాటు. వాళ్లకు వచ్చింది కూడికే. 12/13 అనేది ఒకే ఒక సంఖ్య అని, సంఖ్యారేఖ మీద దానికో చోటుందని వాళ్లకు తెలియదు. పైన ఒక అంకె, కింద ఒక అంకె, నడుమ గీత, అంతే కనపడుతుంది. నాలుగో తరగతి దాకా పిల్లలు నేర్చుకున్నదంతా పూర్ణసంఖ్యల లోకం. అక్కడ 8 ఎప్పుడూ 5 కంటే పెద్దది, గుణిస్తే ఫలితం పెరుగుతుంది. భిన్నాల్లోకి రాగానే 1/8 అనేది 1/5 కంటే చిన్నదవుతుంది, సగంతో గుణిస్తే సంఖ్య తగ్గుతుంది. ఈ మార్పును ఎవరో పక్కన కూర్చుని, బొమ్మ గీసి, సంఖ్యారేఖ మీద వేలు పెట్టి చూపించి, పిల్ల నోటితో చెప్పించాలి. అలా జరగనప్పుడు పిల్లలు సూత్రం కంఠస్థం చేస్తారు. ‘తిరగేసి గుణించు’ అన్న మాట గుర్తుంటుంది, ఎప్పుడు, ఎందుకు అన్నది గుర్తుండదు.

దీని ప్రభావం భిన్నాల పాఠంతో పోదు. పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం బాగా వచ్చిన పిల్లలే హైస్కూలుకొచ్చాక బీజగణితంలో ముందుంటున్నారని, తల్లిదండ్రుల చదువు, ఆదాయం, పిల్లల తెలివితేటలు లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం చెదరడం లేదని అమెరికా, బ్రిటన్ పిల్లల సమాచారంతో చేసిన పరిశోధన 2012లో చూపించింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2008లో, అమెరికా అధ్యక్షుడు నియమించిన జాతీయ గణిత సలహా సంఘం కూడా బీజగణితానికి దారిలో భిన్నాలనే అతి పెద్ద అడ్డంకిగా గుర్తించింది. అయినా చాలా కొత్త చట్టాల్లో స్క్రీనింగ్ నిబంధనల బలమంతా రెండో, మూడో తరగతికే అయిపోతోంది. నాలుగు, ఐదు తరగతుల్లో భిన్నాల అవగాహనను కొలవాలన్న అలబామా నిబంధన అందుకే నాకు ఆ చట్టం మొత్తంలో అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. దానికి విలేకరుల సమావేశాల్లో చప్పట్లు రావు.

ఇప్పుడు బోధించేవాళ్ల సంగతి. అమెరికాలో ఐదో తరగతి వరకు ఎక్కువ చోట్ల ఒకే టీచరు అన్ని సబ్జెక్టులూ చెబుతారు. పిల్లలంటే ఇష్టం, చదివించడం మీద ప్రేమ వాళ్లను ఆ ఉద్యోగంలోకి తెచ్చి ఉంటాయి. లెక్కలంటే చాలామందికి తమ బడి రోజుల నుంచీ జంకే. 2009లో మసాచుసెట్స్ ప్రాథమిక టీచర్ల లైసెన్సు పరీక్షలో లెక్కల భాగాన్ని విడదీసి, అందులో విడిగా పాసవ్వాలంది. మొదటిసారి రాసినవాళ్లలో 27 శాతమే గట్టెక్కారు. అది దేశంలో చదువుకు పేరున్న రాష్ట్రం. లెక్కల మార్కులు తక్కువైనా మిగతా సబ్జెక్టుల మార్కులతో నెట్టుకొచ్చే వీలు అంతకుముందు ఉండేది. ఆ టీచర్లను నిందించి ప్రయోజనం లేదు. వాళ్లకు భిన్నాలను నియమంగా నేర్పారు, వాళ్లు నియమంగానే చెబుతున్నారు. మంచి కోచ్ వచ్చి, టీచరుతో కలిసి పాఠం తయారుచేసి, తరగతిలో వెనక బెంచీలో కూర్చుని చూసి, సాయంత్రం పిల్లల నోటుపుస్తకాలు ముందేసుకుని మాట్లాడితే ఈ గొలుసు తెగుతుంది.

కోచ్‌ల గురించి పరిశోధన ఆశ కలిగిస్తుంది, తొందరపెట్టొద్దని హెచ్చరిస్తుంది కూడా. వర్జీనియాలో ప్రాథమిక బడుల మ్యాథ్ కోచ్‌లపై 2011లో వెలువడిన అధ్యయనంలో పిల్లల మార్కులు పెరిగాయి, మొదటి ఏడాదే మాత్రం కాదు. కోచ్‌కు బడి అలవాటు పడాలి, టీచర్లకు కోచ్ మీద నమ్మకం కుదరాలి. 2018లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, చిన్న స్థాయిలో నడిపిన కోచింగ్ కార్యక్రమాల ఫలితం పెద్ద స్థాయికి వెళ్లేసరికి పలచబడిందని తేలింది. పెద్ద స్థాయి అంటే రాష్ట్ర చట్టమే. ఒకేసారి వందల మంది మంచి కోచ్‌లు ఎక్కడి నుంచి వస్తారు? ఉన్న మంచి టీచర్లనే తరగతి నుంచి లాగుతారు. వచ్చినవాళ్లను ప్రిన్సిపాల్ ఒక టీచరు సెలవు పెట్టినప్పుడల్లా ఆ తరగతికి పంపడం, పరీక్ష పేపర్లు లెక్కపెట్టించడం, బస్సుల దగ్గర నిలబెట్టడం మొదలుపెడితే, కాగితం మీద కోచ్ ఉంటారు, తరగతిలో ఉండరు. చట్టం కోచ్ జీతం గురించి ఎంత శ్రద్ధగా రాస్తుందో, కోచ్ సమయం గురించీ అంతే శ్రద్ధగా రాయాలి.

ఇక ఎనిమిదో తరగతి దగ్గరికి వద్దాం. ఇక్కడ సంతోషించడానికి ఏమీ లేదు. 2022లో దేశవ్యాప్తంగా ఎనిమిదో తరగతి లెక్కల సగటు ఎనిమిది పాయింట్లు పడింది. 1990లో ఈ పరీక్ష మొదలైనప్పటి నుంచీ అంత పెద్ద పతనం లేదు. 2024లో నాలుగో తరగతి కాస్త కోలుకుంది, ఎనిమిదో తరగతి కోలుకోలేదు. ఎనిమిదో తరగతి పిల్లల్లో 39 శాతం మంది కనీస స్థాయికంటే దిగువన ఉన్నారు. అన్నిటికంటే బాధపెట్టేది ఆ సగటు లోపల జరిగింది. పై వరుసలోని పిల్లలు కొంత పెరిగారు, కింది వరుసలోని పిల్లలు ఇంకా కిందికి జారారు, సగటు మాత్రం కదలనట్టు కనిపించింది. అంతర్జాతీయంగా చూసినా ఇదే కథ. 2023 టిమ్స్ పరీక్షలో అమెరికా ఎనిమిదో తరగతి 2019తో పోలిస్తే 27 పాయింట్లు కోల్పోయింది, నాలుగో తరగతి 18. అలబామా ఎనిమిదో తరగతి సగటు కూడా 2019 స్థాయి కంటే కిందే ఉంది.

నాలుగో తరగతిలో గెలిచిన రాష్ట్రం ఎనిమిదో తరగతిలో ఎందుకు గెలవలేదని అడిగితే, చట్టం లబ్ధి అందుకున్న పిల్లలు ఇంకా అక్కడికి చేరలేదని ఒక జవాబు ఉంది. అది సగం నిజం. మిగతా సగం, ఐదో తరగతి తర్వాత ఆ చట్టం ఇచ్చే కోచ్ ఉండరు, ఆ చట్టం పెట్టే స్క్రీనింగ్ ఉండదు. నిష్పత్తులు, రుణసంఖ్యలు, సమీకరణాలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. లూసియానా తన 2023 చట్టంలో నాలుగు నుంచి ఎనిమిది తరగతుల లెక్కల టీచర్లకు శిక్షణను తప్పనిసరి చేసింది. అర్కాన్సా మూడు నుంచి ఎనిమిది తరగతుల్లో వెనకబడిన పిల్లలకు లెక్కల్లో విడిగా సాయం ప్రణాళిక ఉండాలంది. ఈ రెండు నిబంధనలూ వార్తల్లో పెద్దగా కనపడలేదు. అలబామా నమూనాను కాపీ చేసే రాష్ట్రాలు వీటిని దాని పక్కన పెట్టుకుని చదవాలి.

మాధ్యమిక తరగతుల కోసం ఇప్పటికే ఒక రకం చట్టాలున్నాయి, అవి పైవరుస పిల్లల కోసం. నార్త్ కరొలినా 2018లో, టెక్సస్ 2023లో, ఇండియానా 2025లో ఈ దారి పట్టాయి. టెక్సస్‌లో ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లలు ఎవరూ అడగనక్కర్లేకుండానే ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ లెక్కల తరగతిలో చేరిపోతారు. వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసివ్వాలి. అంతకుముందు టీచరు సిఫార్సో, తల్లిదండ్రుల పట్టుదలో ఉంటేనే ఆ తలుపు తెరుచుకునేది. మార్కులు బాగా వచ్చినా అడిగేవాళ్లు లేని నల్లజాతి, హిస్పానిక్, పేద కుటుంబాల పిల్లలు బయటే ఉండిపోయేవారు. పైసా పెద్దగా ఖర్చులేని ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ చేర్పించడం వేరు, సిద్ధం చేయడం వేరు. నార్త్ కరొలినాలోనే షార్లట్-మెక్లెన్‌బర్గ్ డిస్ట్రిక్టు ఈ శతాబ్దం మొదట్లో, సిద్ధంగా లేని పిల్లల్ని కూడా ఎనిమిదో తరగతిలోనే బీజగణితంలోకి నెట్టింది. ఆ పిల్లలు ఆ పరీక్షలోనూ దెబ్బతిన్నారు, తర్వాతి కోర్సుల్లోనూ వెనకబడ్డారని పరిశోధకులు చూపించారు. పిల్లను ఏ గదిలో కూర్చోబెట్టాలో చట్టం చెప్పగలదు. ఆ గదికి ముందు రెండేళ్లు ఆమెకు ఏం నేర్పారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

అదే తరగతిలో మళ్లీ కూర్చోబెట్టడం గురించి ఒక మాట. అలబామా 2019లో చేసిన పఠన చట్టంలో మూడో తరగతి దగ్గర ఆపేసే నిబంధన ఉంది, 2022 లెక్కల చట్టంలో లేదు. ఆ తేడా సరైనదే. భిన్నాలు రాని పిల్లను అదే తరగతిలో, అదే జంకున్న టీచరు దగ్గర, అదే నియమాన్ని రెండోసారి వినిపిస్తే ఆమెకు భిన్నాలు రావు, లెక్కలంటే అసహ్యం వస్తుంది.

డబ్బు మాట చివరికి పెట్టాను గానీ ఇది మొదటిదే. కొవిడ్ కాలంలో ఫెడరల్ ప్రభుత్వం బడులకు మూడు విడతల్లో దాదాపు 190 బిలియన్ డాలర్లు ఇచ్చింది. చాలా డిస్ట్రిక్టులు ట్యూటర్లను, వేసవి తరగతులను ఆ సొమ్ముతోనే నడిపాయి. వాడుకునే గడువు 2024 సెప్టెంబరుతో తీరింది. ఇప్పుడు కోచ్ జీతం రాష్ట్ర బడ్జెట్ నుంచే రావాలి. ఆర్థిక మాంద్యం వచ్చిన ఏడాది మొదట ఎగిరిపోయేది, పిల్లల ముందు నేరుగా పాఠం చెప్పని కోచ్ పోస్టే. కొలిచే యంత్రాంగానికీ గండి పడింది. 2025 మార్చిలో ఫెడరల్ విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి తగ్గించారు, నేప్ నడిపే గణాంక కేంద్రంలో కొద్దిమందే మిగిలారు. రాష్ట్రాలు తమ పరీక్షల పాస్ మార్కును తామే మార్చుకోగలవు. అలబామా ముందుకెళ్లిందని మనకు తెలిసింది అందరికీ ఒకే కొలత ఉంది కాబట్టి.

అలబామా శాసనసభ ముందు ఇప్పుడు చేయదగ్గ పని చాలా స్పష్టంగా ఉంది. కోచ్‌ల నిబంధనలో ఉన్న ఐదో తరగతి హద్దును ఎనిమిదో తరగతి దాకా జరపాలి. భిన్నాల స్క్రీనింగ్‌కు కొనసాగింపుగా ఆరో తరగతిలో నిష్పత్తుల స్క్రీనింగ్ చేర్చాలి. కోచ్‌ను వేరే పనులకు వాడిన డిస్ట్రిక్టు ఆ పోస్టు నిధిని వెనక్కి ఇచ్చేలా ఒక వాక్యం రాయాలి. ఖర్చు కొత్త కార్యక్రమం పద్దులో పడకుండా, టీచర్ల జీతాల్లాగే రాష్ట్ర ఎడ్యుకేషన్ ట్రస్ట్ ఫండ్‌లో ఏటా వచ్చే మామూలు పద్దుగా మారాలి. 2022లో రెండో తరగతిలో ఉన్న పిల్లలే 2024లో నాలుగో తరగతి పరీక్ష రాసి రాష్ట్రానికి పేరు తెచ్చారు. వాళ్లే 2028లో ఎనిమిదో తరగతి నేప్ రాసే వయసుకు వస్తారు, అందుకని ఈ సవరణకు ఎక్కువ సమావేశాలు మిగల్లేదు.